పిట్టముట్టుడు నాడు అన్న మాట

విస్తరి చుట్టూ మనుషులు మూగి ఉన్నంతసేపు కాకి రాదని అంకుశానికి తెలుసు. ఆ మాట పైకి అంటే ఎవరూ వినరనీ తెలుసు. అందుకే ఆయన శ్మశానంలోని రేకుల కప్పు కింద, అందరికీ కాస్త ఎడంగా, ముడిచిన గొడుగును చేతికర్రలా ఆనించుకుని నిలబడ్డాడు. భివండీ మున్సిపాలిటీ తెలుగు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కర్మకాండకు వస్తాడు కానీ దండం పెట్టడు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోరు.

పోయినవాడు ఆయన చెల్లెలు రాజమణి భర్త భూమయ్య. కామత్‌ఘర్‌లో మగ్గాల కార్ఖానా నడిపేవాడు. మొన్న పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, పెట్టిన చోటే ఒరిగిపోయాడు. వీలునామా రాయలేదు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "నేను పోయినప్పటి సంగతి గదా" అని నవ్వి దాటవేసేవాడు.

మూడో నాడు పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, పిట్ట ముట్టేదాకా ఎదురుచూడటం ఆ ఇళ్ల ఆచారం. పిట్ట అంటే కాకే. అది ముడితే పోయిన ప్రాణం నిమ్మళించినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు లెక్క. అప్పుడు బతికున్నవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని గట్టిగా అరిచి చెప్పాలి. వీలునామా రాయకుండా పోయిన మనిషి విషయంలో ఈ ఊహలకు హద్దు ఉండదని అంకుశం ఆ రోజు గమనించాడు.

"భూమన్నా! గుడికి గంట కట్టిస్తనంటివి గదా, మేం కట్టిస్తం, ముట్టు!" అని గుడి కమిటీ పెద్దమనిషి ఒకాయన అరిచాడు. భూమయ్య అలా అన్నట్టు అంకుశం ఎన్నడూ వినలేదు.

"బాపూ! అమ్మకు గోళీలు రోజూ నేనే ఇస్త. టెన్షన్ ఘేవూ నకా బాపూ, ఫికర్ చెయ్యకు!" అంది కూతురు దీపాలి, ఏడుస్తూ.

కాకి గోడ మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. దిగలేదు.

కొడుకు భూషణ్ తెల్లవారినప్పటి నుంచి మంచినీళ్లయినా ముట్టలేదు. తడి పంచె, ఒట్టి కాళ్లు, నిద్ర లేని కళ్లు. జనం చూపులన్నీ తన మీదే ఉన్నాయి. అతను పక్కకు తిరిగితే సిమెంటు అరుగు మీద ఒదిగి కూర్చున్న మేనత్త చంద్రవ్వ కనబడింది. ఒక్కసారిగా గొంతెత్తాడు.

"బాపూ! అత్తను నేను ఎల్లగొట్టను. ఎనక ఖోలీ ఆమెదే. బతికినన్ని దినాలు ఆమెదే. నేను చెప్తున్న, ముట్టు బాపూ!"

ఖోలీ అంటే ఆ మేనత్త ఉంటున్న ఒంటిగది. చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాకి మాత్రం ముక్కుతో రెక్కను గోక్కుంటూ అక్కడే ఉంది.

అప్పుడు భూమయ్య తమ్ముడి కొడుకు కిషన్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి. పెద్దబాపుకు ఏం గావాల్నో నాకెర్క" అని జేబులోంచి క్వార్టర్ సీసా తీసి, మూత తిప్పి, విస్తట్లోని దొప్పలో వంచాడు. ఆడవాళ్లు "సిగ్గు లేదారా" అన్నారు. మగవాళ్లు నవ్వు ఆపుకున్నారు. ఇంతలో ఒక్కసారిగా వాన అందుకుంది. అందరూ రేకుల కిందికి పరుగెత్తారు. విస్తరి దగ్గర మనిషి అనేవాడు లేకపోయాడు. కాకి దిగింది, మటన్ ముక్క ఒకటి ముక్కున కరుచుకుని లేచిపోయింది.

"చూసిండ్రా!" అన్నాడు కిషన్, తానే దాన్ని పెంచినంత గర్వంగా.

మనుషులు తప్పుకోవడం, కాకి రావడం: ఈ రెండింటికి మధ్య ఉన్న సంబంధం చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేదే. అంకుశం గొడుగు విప్పి ఇంటిదారి పట్టాడు.

*

దినాలు గడిచాక కుటుంబమంతా కార్ఖానాలోనే కూర్చుంది. ఆగిపోయిన మగ్గాల మధ్య చాప పరిచారు. పక్క షెడ్లలో మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి, ఆ చప్పుడుకు అలవాటుపడిన అందరూ కోపం లేకపోయినా కోపంగా ఉన్నట్టే మాట్లాడుకుంటున్నారు.

చట్టం సూటిగానే ఉంది. వీలునామా లేనప్పుడు ఆస్తి భార్యకు, కొడుక్కు, కూతురికి సమానం. ఆ ముగ్గురిలో ఎవరున్నా, పోయినవాడి అక్కకు ఏమీ రాదు. చంద్రవ్వ భూమయ్యకు అక్క. అతను గైబీ నగర్‌లో ఎవరి మగ్గాల మీదో కూలికి పనిచేసే రోజుల్లో, భర్త పోయి, ఊళ్లో దిక్కులేక తమ్ముడి దగ్గరికి వచ్చింది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే ధోటాలో పెట్టే నూలు కండెలు చుట్టడం ఆమె పని. ముందు నలుగురి షెడ్లకు చుట్టింది, తర్వాత తమ్ముడి షెడ్డుకు చుట్టింది. మొదటి జత మగ్గాలు కొన్నప్పుడు ఆమె కాళ్ల కడియాలు అమ్మి ఇచ్చిందని భూమయ్యే పెళ్లిళ్లలో, పేరంటాలలో అందరికీ వినబడేలా చెప్పేవాడు. కాగితం మీద మాత్రం ఒక్క ముక్క పెట్టలేదు. కార్ఖానా వెనక ఉన్న ఒంటి ఖోలీలో ఆమె ఉంటున్నది. చట్టం ఆమెకు అన్యాయం చేయలేదు. చట్టానికి ఆమె కనబడదు, అంతే.

భూషణ్ చెడ్డవాడు కాడు. న్యాయంగా ఆలోచించడానికి అంకుశం ఈ మాటను తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. భూషణ్ మాన్కోలి గోదాముల్లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. పాత మగ్గాల మీద నేసిన బట్టకు గిరాకీ లేదని, కొత్త రకం యంత్రాలు తెచ్చే స్థోమత తమకు లేదని అతనికి లెక్క తెలుసు. పార్సిళ్ల కంపెనీ ఒకటి షెడ్డును గోదాముకు కొంటానంది. ఒకటే షరతు: ముందు రోడ్డు నుంచి వెనక గోడ దాకా మొత్తం ఖాళీగా కావాలి. టెంపోలు వెనక నుంచి లోపలికి రావాలి. ఆ వెనక గేటు పడేది సరిగ్గా చంద్రవ్వ ఖోలీ ఉన్న చోటే.

"అమ్మా, దీపాలీ ఇద్దరు నా పేరు మీద హక్కు వదిలేస్తే పని అయిపోతది" అన్నాడు భూషణ్. "అందరి ఇండ్లల్ల గట్లనే రాస్తరు. మీకు నేను తక్కువ చేస్తనా?"

"మరి అత్తో?" అంది దీపాలి.

"అత్తను రోడ్డు మీద పడేస్తనా ఏంది? ఊర్ల కిషన్ వాళ్ల ఇల్లు ఖాళీగనే ఉన్నది. అక్కడ ఉంటది. నెలనెలా పంపిస్త."

"ఊర్ల అత్తకు ఎవరున్నరు? తిక్డే కోణ్ ఆహే? ఆమె ఊరు ఇడిచిన కొత్తల పోరగాండ్లుగా ఉన్నోళ్లు ఇప్పుడు తాతలైండ్రు. అయినా అన్నా, ఆ దినం నువ్వు ఏం మాటిచ్చినవ్? అందరు విన్నరు గదా."

భూషణ్ దీనికి సిద్ధంగానే వచ్చాడు.

"ఇచ్చిన. కాదంటున్ననా? నేను మాటిచ్చినంక కాకి ముట్టిందా? ముట్టలే. బాపు మనసుల ఖోలీ సంగతే ఉంటే అప్పుడే ముట్టేది గదా. కిషన్ క్వార్టర్ పోసినంక ముట్టింది. అంటే బాపు కోరిక అది. నా మాట ఆయన తీసుకోలేదు. తీసుకోని మాటకు నేనెట్ల కట్టుపడుత?"

కిషన్ రెండు చేతులూ పైకెత్తాడు. "నన్ను మధ్యల పెట్టకన్నా. నేను పోసిన, అది ముట్టింది. గంతే."

అంతవరకు గోడకు ఆనుకుని కూర్చున్న రాజమణి అప్పుడు నోరు విప్పింది. "మీ బాపు క్వార్టర్ కోసం మూడొద్దులు ఆగిండంటే నేను నమ్మ. బతికున్నప్పుడు మూడు గంటలు ఆగకపోయేటోడు."

కిషన్ ముందు నవ్వాడు. తర్వాత దీపాలి. భూషణ్ కూడా నవ్వు ఆపుకోలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పిన చోట మేనమామ కనబడ్డాడు.

"మామా, నువ్వు చెప్పు. చిన్నప్పటి సంది నువ్వే గదా నేర్పినవ్, కాకి అంటే కాకే, దానికి కడుపే ఉంటది గని కబురు మోసుడు తెల్వదని. మరి కాకికిచ్చిన మాట మాటెట్లయితది?"

ఇది న్యాయమైన ప్రశ్నేనని అంకుశం ఒప్పుకోవాలి. అటు మాట్లాడితే ఇన్నాళ్లూ తాను చెప్పినదాన్ని తానే కాదన్నట్టు. ఇటు మాట్లాడితే ఒక ముసలిదాని నెత్తి మీది కప్పు తన తర్కంతో తానే లాగేసినట్టు. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"కాకి సాక్ష్యం చెల్లదు భూషణ్. నీకు వ్యతిరేకంగా చెల్లదు. నీ తరఫునా చెల్లదు. ఎప్పుడు ముట్టింది, దేనికి ముట్టింది అన్నది తీసి పక్కకు పెట్టు."

"పెట్టిన. అయితే ఖోలీ సంగతి ఖతం గదా?"

అంకుశం దగ్గర ఇంకో దారి ఉంది. రెండు రోజులుగా ఆలోచించి పెట్టుకున్నది. చెల్లెలి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "చెల్లె, నీకు మూడో వంతు వస్తది. ఆ ఖోలీ నీ వంతుల పడేటట్టు పంచుకుందాం. దాన్ని నువ్వు వదినెకు రాసియ్యి. ఎవరూ ఎవరికీ ఎదురు చెప్పే పని ఉండదు."

చక్కని పరిష్కారం. దీపాలి వెంటనే తల ఊపింది. రాజమణి ఆలోచించింది కూడా. ఆమె ఆలోచిస్తున్నప్పుడు కొంగు అంచును వేలికి చుట్టుకుంటుంది.

"నువ్వు చెప్పింది మంచిగనే ఉన్నదన్నా. కాని నా దాంట్లకెల్లి ఇస్తే అది నేను పెట్టిన దానమైతది. రేపు పొయ్యి కాడ మిరపకాయలు మాడినయని మా ఇద్దరికి మాటా మాటా వస్తది. రోజూ వచ్చేదే గదా. అప్పుడు, నేనిచ్చిన ఖోలీల ఉంటున్నవని నోరు జారుత. నా నోరు నాకు తెల్వదా?"

"నీ నోరు ఊరందరికి ఎర్కే" అని లోపలి నుంచి చంద్రవ్వ గొంతు వినబడింది. ఆమె అక్కడే తలుపు వెనక ఉన్నదని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు.

రాజమణి ఆ గొంతు వైపు చూడనైనా చూడలేదు. "ఇంకో మాట. మాటిచ్చింది నేను గాదు, వీడు. కాకికి ఇయ్యలేదు. కాకి విన్నదో లేదో, తీసుకున్నదో లేదో నాకు అక్కెర లేదు. నేను విన్న. వదినె విన్నది. ఆ మాట విని ఆమె ఆ రాత్రి కడుపు నిండ తిన్నది, తమ్ముడు పోయినప్పటి సంది మొదటిసారి. తీసుకున్నోళ్లు మేం. వీడు ఆ మాట వాపసు తీసుకోవాల్నంటే మా దగ్గర తీసుకోవాలె, కాకి దగ్గర గాదు."

అంకుశం మళ్లీ కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవలేదు. తన చెల్లెలు శనివారాలు ఒక్క పొద్దుంటుంది. దారిలో నిమ్మకాయ కనబడితే చుట్టు తిరిగి పోతుంది. అలాంటి మనిషి ఆచారాన్ని ఒక్క మాట అనకుండా, దానికి తలవంచకుండా, మాటకూ దానిని చుట్టుకున్న నమ్మకానికీ మధ్య గీత గీసి ఇటు దీన్నీ అటు దాన్నీ పెట్టింది. తాను సగం దూరం వచ్చి ఆగిన చోటు నుంచి ఆమె మిగతా సగం నడిచింది. ఆయనకు ఒళ్లంతా సంతోషం పాకింది. మంచి సిద్ధాంతం నిరూపణ పూర్తయినప్పుడు తరగతిలో కలిగే సంతోషం అది.

భూషణ్‌కు అలాంటి సంతోషం ఏమీ కలగలేదు. లేచి నిలబడ్డాడు. "అంటే సంతకం పెట్టవన్నట్టు."

"పెడత. ఎక్కడంటే అక్కడ పెడత. అంతా నీ పేరు మీదనే రాయించు."

అంకుశం ఉలిక్కిపడ్డాడు. దీపాలి "అమ్మా!" అంది.

"ఒక్కటే. సంతకం పెట్టే ముందు, నీ అత్త మొఖం చూసుకుంట, ఆ మాట నేను అనలేదు అని అను. గంతే."

*

వకీలు ఆఫీసుకు షేర్ ఆటోలో పోయేటప్పుడు అంకుశం చెల్లెలి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. చంద్రవ్వ, దీపాలి వెనక ఇంకో ఆటోలో వస్తున్నారు. భూషణ్ ముందే పోయాడు. ఆయన గొంతు తగ్గించాలని చూశాడు. ఇంజను చప్పుడుకు అరవక తప్పలేదు.

"సంతకం పెట్టినంక నీ చేతుల ఏం మిగలదు చెల్లె. వాడు ఆ అబద్ధం అనేస్తే?"

"అంటే అంటడు."

"అప్పుడు వదినె గతేంది? నీ గతేంది? నీ వంతు నీ చేతుల ఉన్నంతసేపే వాడు నీ మాట వింటడు."

"అదే వద్దంటున్న. నా వంతు అడ్డం పెట్టి బెదిరిస్తే వాడు ఖోలీ ఇస్తడు, నాకు తెలుసు. భయపడి ఇచ్చింది నేను సచ్చిన తెల్లారి తీసుకుంటడు. అప్పుడు ఆమె దిక్కు మాట్లాడేదెవరు? నువ్వా? నువ్వు నాకంటె పెద్దోనివి."

ఆయన నవ్వాడు, కానీ గుండె మాత్రం నవ్వలేదు. లెక్క ప్రకారం ఆమె చేస్తున్నది తప్పు. చేతిలో ఉన్న హక్కును, ఒక మనిషి సిగ్గుపడతాడన్న నమ్మకం మీద ఒడ్డడం ఏ పుస్తకమూ ఒప్పుకోని పని. అయినా ఆ ధైర్యానికి మనసులో నమస్కరించకుండా ఉండలేకపోయాడు.

వకీలు రూపాలి తండ్రిదీ వీళ్లలాగే నిజామాబాదు వైపే. ఆమె మాత్రం భివండీలోనే పుట్టి మరాఠీలో చదివింది. మేడ మీది చిన్న గదిలో అందరూ ఇరుకుగా కూర్చున్నాక, ఆమె హక్కసోడ్ పత్రం చదివి, తెలుగులో అర్థం చెప్పింది: రాజమణి, దీపాలి తమ వాటాలను భూషణ్‌కు వదులుకుంటున్నారు, ఇకపై వారికి ఏ హక్కూ ఉండదు.

"సమజ్ అయిందా కాకీ?" అంది రూపాలి, రాజమణితో. మరాఠీలో కాకీ అంటే పిన్ని.

"అయింది బిడ్డా." రాజమణి పెన్ను అందుకుంది.

"నేను అమ్మ పెట్టినంకనే" అంది దీపాలి, చేతులు ఒళ్లో పెట్టుకుని.

రాజమణి పెన్ను కాగితం మీద ఆనించి, తల ఎత్తి కొడుకును చూసింది. "అను."

భూషణ్ చేతిలో ఫోన్ వణికింది. కొనేవాళ్ల ఏజెంటు అది. అతను దాన్ని తిప్పి పట్టుకుని, మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మేనత్త వైపు చూశాడు. నోరు తెరిచాడు.

ముందు మాట్లాడింది చంద్రవ్వే. "పోరన్ని ఎందుకు సతాయిస్తున్నవ్ రాజమణీ? అననియ్యి. అనకున్నా మంచిదే. నేను ఊరికి పోత. ఏడ ఉన్నా కండెలే గదా, చుట్టుకుంట బతుకుత."

"ఊర్ల ఇప్పుడు కండెలు ఎవరికి గావాలె అత్తా?" అన్నాడు భూషణ్. ఆ మాట అతని నోటి నుంచి అతనికే తెలియకుండా వచ్చింది. చిన్నప్పుడు బడికి పోనని మొండికేస్తే ఆ కండెలు చుట్టే చేతులే తనను లాక్కుపోయి అంకుశం బడి గేటులోకి తోసేవి. ఆ సంగతి గేటు లోపల నిలబడి చూసిన అంకుశానికీ తెలుసు. ఇప్పుడు ఆ సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. చేస్తే చెడిపోయేది.

"థాంబా తాయి" అన్నాడు చివరికి రూపాలితో. "ఆపుండ్రి. నేను అన్న. ఆ మాట నేను అన్న. అన్నది అన్నట్టు రాయుండ్రి."

ఫోన్ మళ్లీ వణికింది. అతను మెట్ల మీదికి పోయాడు. తలుపు సందులోంచి హిందీ మాటలు ముక్కలుముక్కలుగా వినబడ్డాయి: పీఛే కా నహీ దేంగే... ఆగే కా లేలో... నహీ తో నహీ. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఎనక జాగ లేకుంటే వాడు షెడ్డే వద్దన్నడు."

మంచిపని చేశావని ఎవరూ అనలేదు. అంకుశానికి అనాలనిపించింది, కానీ అప్పుడే అతను పోగొట్టుకున్నది చిన్నది కాదు. ఓదార్పు మాట ఆ నష్టాన్ని చిన్నబుచ్చుతుంది. రాజమణి పెన్ను మూత పెట్టి కొడుకు ముందుకు జరిపింది. అతను దాన్ని అందుకున్నాడు.

"అయితే ఈ పత్రం రద్దు" అంది రూపాలి. "కుటుంబ ఒప్పందం రాస్త. కార్ఖానా మీద ముగ్గురి పేర్లు ఉంటయి. ఖోలీల అత్తకు తహహయాత్ హక్కు. అంటే బతికినంత కాలం ఎవరూ లేపరాదు. ముగ్గురు సంతకం పెట్టి రిజిస్టర్ చేయిస్తే కొన్నోడు కూడా లేపలేడు. సరేనా దాదా?"

"సరే. ముందల షెడ్డు కిరాయికి అడిగేటోళ్లు ఉన్నరు. చూస్త." భూషణ్ మొహం అలసటగా ఉంది. కానీ వచ్చినప్పటి బిగింపు లేదు.

"అత్తా, ఇంకేమన్న రాయాల్నా?" అని రూపాలి చంద్రవ్వను అడిగింది.

చంద్రవ్వ కుర్చీలో ముందుకు జరిగింది. కళ్లు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"నల్లా రాసినవా?"

"ఏ నల్లా?"

"బయటి నల్లా. ఖోలీ ఇచ్చి నల్లా ఇయ్యకుంటే నేను నీళ్లు ఏడికెల్లి దేవాలె? ఈమె బిందెలు వరసగ పెట్టిందంటే పొద్దెక్కేదాక తియ్యది."

"చూసినవా అన్నా!" అని రాజమణి అంకుశం మోకాలి మీద కొట్టింది. "ఇంకా సంతకాలే కాలేదు, అప్పుడే నల్లా కాడికి వచ్చింది!"

"రాకుంటే ఎట్ల? నువ్వు మాట తప్పవ్ గని బిందె తియ్యవ్."

భూషణ్ నవ్వాడు. తండ్రి పోయినప్పటి నుంచి అతను అంత గట్టిగా నవ్వడం అంకుశం చూడలేదు.

"రాయి తల్లీ, నల్లా కూడ రాయి" అంది రాజమణి, గడ్డం ఎత్తి. "కాని పొద్దుగాల మొదటి బిందె నాదని రాయి."

"నీదెందుకైతది? నేను నీకంటె ముందు లేస్త."

"ఎప్పుడు లేసినవ్? దీపాలీ, నువ్వు చెప్పు."

"మీ ఇద్దరి మధ్యల నేను రాను" అంది దీపాలి. రూపాలి కాగితం మీద కలం ఆనించి, ఎవరి బిందె ముందో తేలేదాకా ఓపికగా ఎదురుచూసింది.